స్టేషన్ మనది, రైలు మాటేమిటి?

(యాకుత్‌పురాలో జరిగిన బస్తీవాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు నేను చెప్పబోయే విషయం ఈ బస్తీలో నివసించే ప్రతి ఒక్కరికీ సంబంధించినదే.

మైనారిటీ హక్కుల సభ అనగానే వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, ఉర్దూ పాఠశాలలు మన మనసులో మెదులుతాయి. అవన్నీ ముఖ్యమైనవే. అయితే నేను రైలు గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు నా ముఖంలోకి చూసి, "సాబ్, రైలుకూ మైనారిటీ హక్కులకూ ఏమిటి సంబంధం?" అని అడిగారు. దానికి జవాబుగా ముందు ఒక చిన్న సంగతి చెబుతాను.

మా గల్లీలో ఒక అమ్మాయి ఉన్నది. బీకాం మంచి మార్కులతో పూర్తి చేసింది. హైటెక్ సిటీ వైపు ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. తండ్రి ఆటో నడుపుతాడు. కూతురి చదువు కోసం అప్పులు చేసినవాడే గాని అడ్డు చెప్పినవాడు కాదు. ఆ అమ్మాయి ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "చాచా, అబ్బాకు మీరు ఒక మాట చెప్పండి" అన్నది. వెళ్లాను. ఆయన చెప్పింది వినండి: "భాయీసాబ్, పని మంచిదే. జీతం మంచిదే. సాయంత్రం ఆరుకు బయలుదేరిన పిల్ల ఎనిమిదికల్లా ఇంటికి చేరుతుందని మీరు గ్యారంటీ ఇస్తారా?"

నేను రైలు టైంటేబుల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక రైలు తప్పితే మరొకటి ఎప్పుడు? అది ఆ రోజు నడుస్తుందా? రెండు బస్సులు మారితే ఎంతసేపు? ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు రాసినవాణ్ని. రాతపూర్వకంగా నిలబడని మాట ఇవ్వడం నాకు అలవాటు లేదు. గ్యారంటీ ఇవ్వలేకపోయాను. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరలేదు. ఇప్పుడు ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నది.

ఆమెకు చదువున్నది, ఉద్యోగపు ఉత్తరువు చేతిలో ఉన్నది, ఇంటి నుండి పది నిమిషాల నడకలో రైల్వే స్టేషన్ కూడా ఉన్నది. నమ్మదగిన రైలు మాత్రం లేదు. రైలుకూ హక్కులకూ ఉన్న సంబంధం ఇదే.

ఇక మన మార్గాన్ని గుర్తు చేసుకుందాం. సికింద్రాబాద్ నుండి మన వైపు వచ్చే ఎంఎంటీఎస్ రైలు సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ దాటి, మూసీ నదిని దాటి మలక్‌పేట చేరుతుంది. తరువాత దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా. పాత నగరపు తూర్పు అంచును పట్టుకుని సాగే మార్గమిది. దబీర్‌పురా, యాకుత్‌పురా అన్నవి మన పాత నగరపు దర్వాజాల పేర్లు కూడా. దబీర్‌పురా దర్వాజా నేటికీ నిలిచి ఉన్నది. పర్షియన్‌లో దబీర్ అంటే లేఖకుడు, గుమాస్తా. ఆ స్టేషన్ దాటినప్పుడల్లా నా వృత్తికి ఎవరో సలాం చేసినట్టు అనిపించేది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. కొండ మీద రాజభవనం ఉన్నది. ఆ కొండ సమీపాన మన స్టేషన్ ఉన్నది. సికింద్రాబాద్ నుండి హౌరాకు వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ను చూసి ఇది మన స్టేషన్ మీదుగా వెళ్తుందని అనుకునేవారు ఉన్నారు. దానికి మన పేరు మాత్రమే ఉన్నది, మన దారి లేదు. మన బస్తీల విషయంలో చాలా పథకాల తీరూ ఇలాగే ఉంటుంది.

ఈ నగరానికి రైలు కొత్త కాదు. వాడి నుండి సికింద్రాబాద్ వరకు తొలి రైలు మార్గం 1874లోనే వచ్చింది. కాచిగూడ స్టేషన్ భవనం 1916 నాటిది. ఆనాటి సంస్థకు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని పేరు. ఆ 'గ్యారంటీ' ఎవరికి? లండన్‌లో ఏర్పడిన కంపెనీలో డబ్బు పెట్టిన వాటాదారులకు. వారి పెట్టుబడిపై రాబడికి నిజాం ప్రభుత్వం హామీ పడింది. ఆ హామీ భారం ఈ నేల ప్రజల పన్నుల మీద పడింది. మా గల్లీలో ఆటో నడిపే తండ్రి అడిగినది కూడా గ్యారంటీనే. ఆనాడు వాటాదారుడికి దొరికిన గ్యారంటీ, ఈనాడు ప్రయాణికుడికి ఎందుకు దొరకకూడదు?

ఇప్పుడు ఎంఎంటీఎస్ సంగతి. 2003 ఆగస్టు 9న ఈ సర్వీసులు ప్రారంభమయ్యాయి. తరువాత ఫలక్‌నుమా వరకు వచ్చాయి. మొదటి దశ ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం భరించాయి. రెండవ దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. అంటే ఈ రైలులో మనం కట్టిన పన్నుల సొమ్ము ఉన్నది. ఇది ఎవరో దయతో ఇచ్చిన దానం కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. రెండవ దశలో భాగంగా 2023 ఏప్రిల్ 8న ఫలక్‌నుమా నుండి ఉందానగర్ వరకు, సికింద్రాబాద్ నుండి మేడ్చల్ వరకు సర్వీసులు మొదలయ్యాయి. దారి పెరిగింది. సంతోషం. అయితే మార్గం పొడవు పెరగడం వేరు, మన ప్లాట్‌ఫారం మీదికి వచ్చే రైళ్ల సంఖ్య పెరగడం వేరు.

నేను ఉద్యోగం చేసిన చివరి పదేళ్లు ఈ రైలులోనే తిరిగాను. యాకుత్‌పురాలో ఎక్కితే బేగంపేటలో దిగేవాణ్ని. ఆ డబ్బాలో నేను చూసిన దృశ్యం నేటికీ కళ్ల ముందున్నది. బుర్ఖా ధరించిన ఆడపిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగేవారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాత నగరపు పిల్ల ఒక్క బస్సు కూడా మారకుండా, మహిళల పెట్టెలో కూర్చుని చేరగలిగింది. గాజులు, జరీ సామాను మూటలు కట్టుకుని వ్యాపారులు ఎక్కేవారు. ఆసుపత్రికి వెళ్లే వృద్ధులు, ఇళ్లలో పనులకు వెళ్లే తల్లులు కూడా మాతోపాటే ప్రయాణించేవారు. పేదవాడికి కొన్ని రూపాయలతో నగరం ఈ చివర నుండి ఆ చివరకు తెరుచుకునేది.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆ రైళ్లు ఆగిపోయాయి. తిరిగి పట్టాలెక్కింది 2021 జూన్ 23న. అదీ కొద్ది సర్వీసులతోనే. ఆ పదిహేను నెలల్లో ప్రయాణికులు వేరే దారులు వెతుక్కున్నారు. స్తోమత ఉన్నవాడు మోటారు సైకిలు కొన్నాడు. లేనివాడు షేరింగ్ ఆటో ఎక్కాడు. ఆడపిల్లల్లో కొందరు ప్రయాణమే మానుకున్నారు. రైలు మీద నమ్మకం ఒకసారి పోతే, రైలు తిరిగి వచ్చినంత మాత్రాన ప్రయాణికుడు తిరిగి రాడు. ప్రయాణికులు తగ్గారని సర్వీసులు తగ్గడం, సర్వీసులు తగ్గాయని ప్రయాణికులు ఇంకా తగ్గడం ఒక విషవలయం.

రైల్వే వైపు నుండి కూడా ఒక మాట చెప్పడం న్యాయం. మన ఎంఎంటీఎస్‌కు ప్రత్యేకమైన పట్టాలు ఉన్నది తక్కువ. కాచిగూడ నుండి మహబూబ్‌నగర్, కర్నూలు వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైళ్లు, గూడ్సు రైళ్లు ఈ మార్గంలోనే నడుస్తాయి. దూరప్రాంతపు రైలు ఆలస్యమైతే దాని భారం మన లోకల్ రైలు మీద పడుతుంది. మెట్రోకు సొంత మార్గం ఉన్నది కాబట్టి అది నిమిషాల లెక్కన నడుస్తుంది. ఈ ఇబ్బంది నిజమే. అయితే ఇబ్బంది ఉన్నదని అంగీకరించడం వేరు, దాని భారమంతా లోకల్ ప్రయాణికుడే మోయాలనడం వేరు. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో కనీసం ఈ రెండు మూడు గంటలు లోకల్ రైలుకు ముందు దారి ఇమ్మని మనం అడగవచ్చు.

ఇక మెట్రో. నగరంలో మెట్రో 2017 నవంబరులో మొదలైంది. తొలి ప్రణాళికలో జూబ్లీ బస్ స్టేషన్ నుండి వచ్చే మార్గం ఫలక్‌నుమా వరకు రావలసి ఉన్నది. 2020 ఫిబ్రవరిలో ఆ మార్గాన్ని మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకే ప్రారంభించారు. మూసీకి ఇవతలి అయిదున్నర కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. 2024 మార్చి 8న పాతబస్తీ మార్గానికి శంకుస్థాపన జరిగింది. తరువాత దానిని చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లుగా నిర్ణయించారు. ఈ ఆలస్యానికి తప్పంతా ఒక్కరి మీదే వేయను. మసీదులు, దర్గాలు, అషూర్‌ఖానాలు, ఆలయాలు, పాత కట్టడాలు దెబ్బతింటాయన్న భయం మనలోనూ ఉండింది. అది అర్థం లేని భయం కాదు. అయితే ఆ అభ్యంతరాలకు పరిష్కారం వెతకడానికి ఇన్ని సంవత్సరాలు అవసరమా అన్నది మన ప్రశ్న. మెట్రో వచ్చేలోగా మన చేతిలో ఉన్నది ఈ రైలు మార్గమే. మలక్‌పేటలో రైలు దిగితే దగ్గరలోనే మెట్రో స్టేషన్ ఉన్నది. అక్కడి నుండి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి, రాయదుర్గానికి వెళ్లవచ్చు. అంటే మన బస్తీలను మెట్రోతో కలిపే వంతెన ఇప్పటికే ఉన్నది. రైళ్లు సమయానికి నడిస్తే చాలు, ఒక్క కొత్త స్తంభం నిలబెట్టకుండానే పాతబస్తీకి మెట్రో అందుతుంది.

సోదరులారా, 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదికను సమర్పించింది. మనం దానిని ఉద్యోగాల శాతాల కోసమే తిరగేస్తాం. అందులో మరొక సంగతి ఉన్నది. ముస్లిం స్త్రీలు ఇల్లు దాటి చేసే పనుల్లో తక్కువగా ఉన్నారని, ఇంటి వద్ద చేసే చిన్న పనుల్లో ఎక్కువగా ఉన్నారని ఆ కమిటీ చెప్పింది. చాలామంది దీనికి మన ఆచారాలే కారణమంటారు. నేను ఒప్పుకోను. మా గల్లీ అమ్మాయిని ఆపినది ఆచారం కాదు. తండ్రి వద్దనలేదు, గ్యారంటీ అడిగాడు. రాజ్యాంగంలోని 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును పౌరులకు ఇచ్చింది. ఆ అధికరణం ఇంటి ముందుకు రైలు తెచ్చిపెట్టదు. అయినా, కదలడానికి సాధనం లేని మనిషికి సంచార స్వేచ్ఛ పుస్తకంలో అక్షరంగానే మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తాను. 'వివక్ష' అన్న మాట మన సభల్లో తొందరగా వస్తుంది. అది బరువైన మాట. వాడే ముందు చేతిలో లెక్క ఉండాలి. రుజువు లేకుండా ఆరోపించేవాడి దరఖాస్తు మూలన పడుతుంది, ఇది నేను నా బల్ల మీద చూసిన సత్యం. లెక్కతో వచ్చిన దరఖాస్తుకు మాత్రం ఏదో ఒక జవాబు రాయక తప్పేది కాదు.

లెక్క అన్నాను కాబట్టి మన తప్పు కూడా చెప్పుకుందాం. మన బస్తీల్లో "లోకల్ రైలే కదా" అని టికెట్ లేకుండా ఎక్కేవారు ఉన్నారు. పట్టుబడితే ఛార్జీతోపాటు కనీసం 250 రూపాయల అదనపు రుసుము కట్టాలి. నష్టం అంతటితో ఆగదు. రైల్వే ఏ స్టేషన్‌కు ఎంత గిరాకీ ఉన్నదని చూసేది అమ్ముడైన టికెట్లను బట్టే. టికెట్ కొనని ప్రయాణికుడు వారి లెక్కలో పుట్టనే లేదు. నూరుమంది ఎక్కి నలభైమంది టికెట్ కొంటే, మన స్టేషన్‌కు నలభైమందే వస్తారని కాగితం చెబుతుంది. కొన్ని రూపాయలు మిగుల్చుకుని మన పిల్లల రైలును మనమే తగ్గించుకుంటున్నాం. ఇవ్వవలసిన కిరాయి ఎగవేయడం అమానత్‌లో ఖయానత్ అని మన ఉలమా చెబుతారు. దీన్ పరంగా చూసినా, దునియా పరంగా చూసినా ఇది నష్టమే.

రెండవ తప్పు పట్టాలు దాటడం. వంతెన మీదుగా వెళ్తే ఆలస్యమని పిల్లల చేయి పట్టుకుని పట్టాల మీదుగా నడుస్తాం. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, విద్యుత్ రైలు దగ్గరకు వచ్చేవరకు దాని చప్పుడు తెలియదు. అడ్డదారి తొక్కవద్దని ఇంట్లో చెప్పండి. వంతెన దూరంగా ఉంటే దగ్గరగా కట్టమని దరఖాస్తు పెడదాం. పట్టాల పక్కన చెత్త పారవేసే అలవాటు కూడా మానుకోవాలి. ఆడపిల్ల నడవవలసిన స్టేషన్ దారిని శుభ్రంగా ఉంచుకోవడం మన చేతిలో పని.

ఇప్పుడు చేయవలసిన పనులు. నాలుగే చెబుతాను.

మొదటిది, లెక్క రాయడం. దబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా, ఒక్కొక్క స్టేషన్‌కు నలుగురు యువకులు కావాలి. ఒక్క నెల చాలు. ఉదయం 7 నుండి 10 వరకు, సాయంత్రం 5 నుండి 9 వరకు రైలు రావలసిన సమయం, వచ్చిన సమయం, ఎక్కినవారు, దిగినవారు, వారిలో స్త్రీలు ఎందరు, అన్నీ నోటుబుక్కులో రాయాలి. స్టేషన్ దీపాలు వెలుగుతున్నాయా, మరుగుదొడ్డి తాళం తీసి ఉన్నదా, మహిళల పెట్టె దగ్గర పోలీసు ఉన్నాడా, ఇవి కూడా. పెంచవద్దు, తగ్గించవద్దు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

రెండవది, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. 2005 నాటి ఈ చట్టం గుమాస్తా భాషలో చెప్పాలంటే సామాన్యుడి చేతికి ఇచ్చిన తాళంచెవి. రుసుము పది రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా మొదటి అప్పీలు ఉన్నది. గత మూడేళ్లలో ఈ మార్గంలో ఎన్ని సర్వీసులు ప్రకటించారు, ఎన్ని రద్దు చేశారు, ఎన్ని ఆలస్యంగా నడిచాయి, ఒక్కొక్క స్టేషన్‌లో ఎన్ని టికెట్లు, ఎన్ని సీజన్ టికెట్లు అమ్ముడయ్యాయి అని అడగండి. లింగంపల్లి వైపు స్టేషన్ల వివరాలు కూడా అడగండి. అప్పుడు పోలిక మనం చెప్పనవసరం లేదు, వారి కాగితమే చెబుతుంది. ఒక జాగ్రత్త: మన వైపు మార్గం హైదరాబాద్ డివిజన్ కిందిది, లింగంపల్లి వైపు మార్గం సికింద్రాబాద్ డివిజన్ కిందిది. చిరునామా తప్పితే కాగితం తిరగడంలోనే నెల గడుస్తుంది.

మూడవది, ఒక్కటే దరఖాస్తు, అనేక సంతకాలు. డివిజన్ స్థాయిలోనూ, జోన్ స్థాయిలోనూ రైల్వే వినియోగదారుల సంప్రదింపుల సంఘాలు ఉన్నాయి. మన పార్లమెంటు సభ్యుడిని, శాసనసభ్యులను కలిసి అక్కడ మన విషయం చర్చకు పెట్టించాలి. మన కోరికలు స్పష్టంగా ఉండాలి: రద్దీ వేళల్లో నిర్ణీత వ్యవధికి ఒక రైలు, రాత్రి తొమ్మిది వరకు నమ్మదగిన సర్వీసు, రద్దయితే ముందుగా ప్రకటన, వెలుతురు, మహిళలకు భద్రత. ఈ దరఖాస్తు మీద మస్జిద్ కమిటీ సంతకం ఎంత అవసరమో, పక్క గల్లీ ఆలయ కమిటీ సంతకమూ అంతే అవసరం. ఉప్పుగూడలో రైలు కోసం నిలబడేవాడికి మతం అడ్డు రాదు. మైనారిటీ హక్కు అంటే పక్కవాడిని వదిలి మనమొక్కరమే అడిగేది అని నేను అనుకోను. మనం నివసించే చోటు వెనుకబడి ఉంటే, అక్కడ నివసించే అందరితో కలిసి అడగడమే దానికి సరైన దారి. దరఖాస్తు ఇచ్చిన రోజే నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. నంబరు లేని కాగితం కార్యాలయంలో అనాథ.

నాలుగవది, ఈ రైలు ఎక్కడం. ఇది అన్నిటికంటే సులభం, అన్నిటికంటే ముఖ్యం. రోజూ తిరిగేవారు సీజన్ టికెట్ తీసుకోండి. వరుసలో నిలబడే ఓపిక లేనివారికి సెల్‌ఫోన్‌లోనే టికెట్ తీసుకునే సౌకర్యం ఉన్నది. పెద్దలకు అది మీ పిల్లలు నేర్పుతారు. ఇబ్బంది కలిగితే 139 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. మనం ఎక్కని రైలును ఉంచమని అడిగే అర్హత మనకు ఉండదు.

ఇంత చేస్తే రేపే రైళ్లు పెరుగుతాయని చెప్పను. ప్రభుత్వ కాగితం నడక నాకు తెలుసు. ఒక బల్ల నుండి మరొక బల్లకు వెళ్లడానికి దానికి సమయం పడుతుంది. అయితే వెనుక మనిషి నిలబడి ఉన్న ఫైలు ఏదో ఒక రోజు కదులుతుంది. ఎవరూ అడగని ఫైలుకు దుమ్మే మిగులుతుంది.

ముగించే ముందు మళ్లీ మా గల్లీకి వస్తాను. ఆ అమ్మాయికి ఒక చెల్లెలున్నది. ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరం. మొన్న కనిపించి, "చాచా, నాకు ఉద్యోగం వస్తే మీరు అబ్బాకు ఏం చెబుతారు?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గాని, ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ పిల్ల చేతికి పట్టా రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉన్నది. మనకున్న గడువు కూడా అంతే. ఆ తండ్రి మళ్లీ గ్యారంటీ అడిగితే, ఈసారి టైంటేబుల్ ఆయన ముందు పెట్టి, "ఇవ్వగలను భాయీ" అని చెప్పాలని నా కోరిక.

రేపు ఉదయం ఏడు గంటలకు నేను యాకుత్‌పురా స్టేషన్‌లో నోటుబుక్కుతో ఉంటాను. కలం మీరు తెచ్చుకోండి. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.